రంగు పెన్సిళ్లు: పొరమీద పొర

గృహకళావినోదము



క్రిందటి నెల ఈ శీర్షికయందు పాత చీరలతో బొంత కుట్టు విధమును వ్రాసియుంటిని. దానిని చదివి పలువురు సోదరీమణులు ఉత్తరములు వ్రాసిరి. వారికందఱకును నా కృతజ్ఞత. వానిలో ఒక యుత్తరము మాత్రము బొంతను గూర్చినది కాదు. ఆ సోదరి యిట్లు వ్రాసినది:

"మధ్యాహ్నము పనులు తీఱిన పిదప నాకు ఒక గంట తీరిక దొరకును. పిల్లలకై కొన్న రంగుల పుస్తకములో ఒక పుట మిగిలియుండగా దానిని నేను పుచ్చుకొంటిని. అందు రెక్కల గుఱ్ఱము, మేఘములలో కోట, వింతచెట్లు కలవు. రంగు పెన్సిళ్లతో నింపితిని. అంతయు గోడకు సున్నము కొట్టినట్లు చదునుగా నున్నది. నొక్కి వేసినచో కాగితము నిగనిగలాడి మఱియొక రంగును పట్టకున్నది. రబ్బరుతో తుడిచినచో మురికి యగుచున్నది. వెలుగునీడలు చూపుట యెట్లు? లోకములో లేని గుఱ్ఱమునకు ఏ రంగు వేయవలెను? ఇంటివారు ఇది పిల్లల ఆట యని నవ్వుచున్నారు. నిజముగా ఇది కాలము వ్యర్థము చేయుటయేనా?"

ప్రశ్నలు బాగున్నవి. కడపటి ప్రశ్నకు కడపటనే సమాధానము చెప్పెదను. ఈ విద్యను నేను గురువునొద్ద నేర్చినదానను గాను. నేను చేసిన యొక తప్పు నాకు దీనిని నేర్పినది. కావున ముందుగా ఆ తప్పును మీ యెదుట ఒప్పుకొనుట న్యాయము.

వేసవి సెలవులలో మా వారు ఒక బొమ్మను అచ్చు తీయించి తెచ్చి మా అమ్మాయి కిచ్చిరి. అది గండభేరుండము. ఒక శరీరమునకు రెండు తలలు గల పక్షి. దీనిని లోకములో చూచినవారు లేరు. అయినను మన దేశమున ఇది చిరకాలముగా నున్నది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయలు తన బంగారు నాణెములపై దీనిని ముద్రింపించెను. మైసూరు ప్రభువులకు ఇది చిహ్నమైనది. నేటి కర్ణాటక రాష్ట్ర చిహ్నమునందును ఈ పక్షియే కలదు. మా బొమ్మలో ఆ పక్షి రెక్కలు రెండును చాచి, ఒక కొండకొమ్మున నిలిచియుండెను. క్రింద అడవి, వెనుక కొండల వరుసలు.

మా అమ్మాయికి తొమ్మిదేండ్లు. ప్రక్కయింటి స్నేహితురాలి తండ్రికి బదిలీ యగుటచే, వారు ఆదివారమునాడు ఊరు విడిచి పోనుండిరి. ఈ బొమ్మను పూర్తిచేసి ఆ పిల్ల చేతిలో పెట్టవలెనని మా అమ్మాయి సంకల్పము. నాలుగు దినములు వసారాలో కూర్చుండి, పెన్సిలు కాగితమునకు తాకీ తాకనట్లు నడుపుచు, ఒక్క రెక్కను మాత్రము ముగించినది. గురువారము సాయంకాలము నేను చూచితిని. ఆ రెక్క లేత నీలముతో, వెలిసిన చీరవలె నా కంటికి కనబడెను. "ఇట్లు గీసిన సంక్రాంతికి గూడ ముగియదు, ఇటు తెమ్ము" అని పెన్సిలు లాగుకొని, రెండవ రెక్కను ముదురు నీలముతో గట్టిగా నొక్కి నింపితిని. పది నిమిషములలో ముగిసినది. మంచిపని చేసితిననుకొంటిని.

అమ్మాయి చూచినది. ఏడ్వలేదు. "ఇంక ఇది నా బొమ్మ కాదమ్మా" అని పెన్సిళ్లను ఒక్కొక్కటిగా పెట్టెలో నుంచి, మూత వేసి, లోనికి పోయినది. అది ఏడ్చియున్న నాకు అంత బాధ కలిగియుండెడిది కాదు.

అక్కడనే చేటతో కందిపప్పు చెఱుగుచున్న మా అత్తగారు తలయెత్తకయే, "పులుసులో ఉప్పు చాలకపోతే మళ్లీ వేసుకుంటావు. ఎక్కువైతే ఏం చేస్తావే? దాని చేతి కొలత దానికి తెలుసు" అనిరి. నేను మాఱు పలుకలేకపోతిని.

ఆ రాత్రి అందఱును నిద్రించిన పిదప బొమ్మను దీపము క్రింద పెట్టి చూచితిని. అమ్మాయి రెక్కలో ప్రతి యీకయు వేఱుగా నున్నది. మొదట కొంచెము ముదురు, కొనను లేత. నా రెక్క మైనపు గుడ్డవలె మెఱయుచున్నది, ఈకలే లేవు. లేత నీలము తీసికొని దానిపై గీసితిని, పట్టలేదు, జాఱిపోయినది. ఎందుచేత పట్టలేదో తెలిసికొనవలెనని, అమ్మాయి పాఱవేసిన పెన్సిలు ముక్కలతోను, చిత్తుకాగితములతోను కూర్చుంటిని. ఆ రాత్రియు, తరువాత అనేక మధ్యాహ్నములును ప్రయత్నించియు, చదివియు తెలిసికొన్నదే యిక చెప్పబోవునది.

మొదట పెన్సిలు స్వభావమును తెలిసికొందము. మనము వ్రాయు నల్లపెన్సిలు లోని కణికను గ్రాఫైటును, మట్టిని కలిపి కాల్చి చేయుదురు. ఈ పద్ధతికి ఫ్రాన్సు దేశమున కాంటే యనువాడు 1795లో హక్కుపత్రము పొందెను. రంగు పెన్సిలు కణిక అట్టిది కాదు. రంగుపొడిని, తెల్లమట్టివంటి పదార్థమును, జిగురును, మైనమునో నూనెనో కలిపి, కడ్డీలుగా తీసి ఆరబెట్టుదురే గాని కుండవలె కాల్చరు. అందుచేతనే అది మెత్తగా నుండును. క్రింద పడినచో కఱ్ఱలోపలనే ముక్కలై, చెక్కిన కొలది విఱిగి పడుచుండును. పిల్లలు పెట్టెను జాఱవిడిచినపుడు పెన్సిళ్లు పైకి బాగుగానే యుండును, లోపల విఱిగియుండును. జర్మనీ దేశపు ఫేబర్ కాస్టెల్ వారు పాలిక్రోమోస్ అను చిత్రకారుల పెన్సిళ్లను 1908లో ప్రారంభించిరి. అవి నేటికిని దొరకును, వెలయు హెచ్చు. మనకు అవి యక్కరలేదు. బడిపిల్లలు వాడు పండ్రెండు రంగుల పెట్టె చాలును.

ఇక కాగితము. చేతితో తడిమిన నున్నగా తోచును గాని, దానిపై కంటికి కానరాని మిట్టపల్లములు కలవు. పెన్సిలు తేలికగా నడచినపుడు రంగు మిట్టలపై మాత్రమే అంటుకొనును; పల్లములు ఖాళీగా నుండి, రెండవ రంగునకును మూడవ రంగునకును చోటిచ్చును. నొక్కి గీసినచో మిట్టలు అణగిపోవును, పల్లములు మైనముతో నిండును. ఇక వచ్చు రంగు ఎక్కడ నిలుచును? నా రెక్కకు జరిగినది ఇదియే. మన సోదరి కాగితము నిగనిగలాడుటకును కారణమిదియే. నున్నని కాగితము మూడు నాలుగు పొరలను మాత్రమే సహించును. కొంచెము గరుకైనది అంతకు మించి సహించును. కావున పుస్తకములో రంగు వేయుటకు ముందు, అదే కాగితముయొక్క అంచుననో కడపటి పుటయందో ఎన్ని పొరలు పట్టునో పరీక్షించుకొనుడు.

చేతి బరువును తగ్గించుటకు సులభమైన ఉపాయము కలదు. వ్రాయునప్పటివలె ముక్కునకు దగ్గఱగా గాక, పెన్సిలును నడుమకు వెనుకగా పట్టుకొనుడు. అపుడు నొక్కవలెనన్నను నొక్కలేరు. ముక్కు ఎల్లప్పుడు సన్నముగా నుండవలెను. మొద్దు ముక్కు మిట్టలనే రాచుచు పోవును, సన్నని ముక్కు పల్లములలోనికి దిగును. మొదటి పొరను ఒక దిక్కునకు గీసిన, రెండవదానిని ఏటవాలుగా గీయుడు. లేదా ఆవగింజంత చిన్న సున్నలు చుట్టుచు పొండు. అపుడు గీతలు కనబడవు. అఱచేతి క్రింద ఒక శుభ్రమైన కాగితము నుంచుకొనుడు. చేతి జిడ్డు తగిలినచోట రంగు సరిగా పట్టదు.

ఇక వెలుగునీడలు. దీనికి పుస్తకము అక్కఱలేదు. ఒక బత్తాయిపండును కిటికీ ప్రక్కన తెల్లని గుడ్డపై పెట్టి, రెండు నిమిషములు ఊరక చూడుడు. కిటికీవైపున ఒకచోట మిక్కిలి వెలుగు. దాని చుట్టును పండుయొక్క స్వంత రంగు. అటు తిరిగినకొలది క్రమముగా నీడ. నీడ మిక్కిలి చిక్కనైన పట్టీ యొకటి. ఇంతవఱకు అందఱును చూతురు. ఆ చిక్కని పట్టీ పండు అంచువఱకు పోదు. అంచుదగ్గఱ మఱల కొంచెము వెలుగు కానవచ్చును. అది క్రిందనున్న తెల్లగుడ్డనుండి తిరిగివచ్చిన వెలుగు. పిమ్మట గుడ్డపై పండుయొక్క పడునీడ. వీనినన్నింటిని చూపినచో చదునైన కాగితముపై పండు గుండ్రముగా లేచును. ఒక్కటే రంగుతో నింపినచో బిళ్లయగును. ఒక్క బత్తాయి తెలిసిన గుఱ్ఱపు మెడయు, కోటబురుజును, పక్షి ఱొమ్మును తెలిసినట్లే.

లోకములో లేని గుఱ్ఱమునకు ఏ రంగు అని సోదరి యడిగినది. కుందేటికొమ్మును, గగనకుసుమమును తార్కికులు లేనివానికి ఉదాహరణములుగా చెప్పుదురు. లేని వస్తువునకు రంగు నిర్ణయించుటకు ఎవరికిని అధికారము లేదు. మీ యిష్టమే శాస్త్రము. ఊదా గుఱ్ఱము, గులాబి కోట, నీలి చెట్లు, ఏమైనను కావచ్చును. కాని ఆ గుఱ్ఱముపై పడు వెలుగు మాత్రము మన కిటికీలోని వెలుగే కావలెను. అది ఏ దిక్కునుండి వచ్చుచున్నదో ముందు నిశ్చయించుకొని, పుట అంచున చిన్న బాణపుగుర్తు వేసికొనుడు. గుఱ్ఱమునకు ఎడమనుండియు, కోటకు కుడినుండియు వెలుగు వచ్చినచో చూచువారికి కారణము తెలియకున్నను, ఏదో అబద్ధమున్నదని తోచును. కల్పన యెంత దూరమైనను పోవచ్చును. వెలుగు నిజము చెప్పినచో కల్పననుగూడ కన్ను నమ్మును.

ఇప్పుడు పొరల క్రమము. మా పక్షి రెక్కనే తీసికొందము. ఈకలు ఇంటి పైకప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి కప్పుకొనియుండును. కావున ప్రతి యీకకును పై యీక క్రింద దూరిన మొదట నీడయు, బయటనున్న కొనను వెలుగును ఉండును.

మొదటి పొర: మిక్కిలి వెలుగుండవలసిన చోట్లను తెల్లగా విడిచి, తక్కిన రెక్కయంతటను లేత నీలమును పొగవలె వేయుడు. కాగితపు తెలుపును మించిన తెలుపు మన పెట్టెలో లేదు. దానిని పోగొట్టుకొన్న మఱల రాదు.

రెండవ పొర: ఈకల మొదళ్లలో ఊదా. మొదట పెన్సిలును ఆనించి, కొనవైపునకు లాగుచు మెల్లగా పైకి ఎత్తవలెను. ముగ్గుకఱ్ఱ వేయునపుడు పిండి సన్నగిల్లునట్లు గీత సన్నగిల్లవలెను.

మూడవ పొర: ఊదాపైనను, దానిని దాటి సగము ఈక వఱకును ముదురు నీలము.

నాలుగవ పొర: మిక్కిలి లోతైన మూలలలో మాత్రము, గోధుమరంగో నారింజయో రెండు మూడు తేలిక గీతలు. నీలముపై నారింజయా యని భయపడకుడు. కారణము ముందు చెప్పెదను.

అయిదవ పొర: వెలుగు విడిచిన చోట్లు తప్ప అంతటను మఱల లేత నీలము. ఇది విడివిడి రంగులను ఒక్కటిగా కలుపును. అన్నియు కుదిరిన పిదప కావలసిన తెల్ల పెన్సిలుతో కొంచెము నొక్కి రుద్దిన నునుపు వచ్చును. నొక్కుట యన్నది కడపటి పని. దాని తరువాత మఱియొక పొర లేదు.

ఎఱ్ఱని ఱొమ్మునకు పసుపు, నారింజ, ఎఱుపు వరుసగా వేసి, నీడలో ముదురాకుపచ్చను పలుచగా సోకించి, మఱల ఎఱుపు వేయుడు. ఆకులకు మొదట పసుపు, పిదప లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ, నీడలో కొంచెము ఎఱుపు. బంగారపు ముక్కులకును, గోళ్లకును పసుపు, గోధుమ, నీడలో ఊదా. దూరపు కొండలకు వేయునది ఎంత దూరమైన అంత లేతగా, అంత నీలముగా నుండవలెను. దగ్గఱి కొండపై మాత్రమే స్పష్టమైన గీతలు. మన యూరి మేడపైనుండి దూరమునకు చూచిన ఈ సంగతి తెలియును. నలుపును కంటిపాపకు తప్ప ముట్టకుడు. నీడకు నలుపు వేసిన అది నీడవలె గాక మసివలె కనబడును.

నీడలో ఎదురురంగు వేయుమనుటకు కారణ మిది. ఎఱుపునకు ఆకుపచ్చ, నీలమునకు నారింజ, పసుపునకు ఊదా ప్రతిపక్షములు. ఒకదానిపై నొకటి పలుచగా పడినపుడు రెండును తమ మెఱుపును పోగొట్టుకొని చిక్కబడును; అయినను మసిబాఱవు. అవియే ప్రక్కప్రక్కన నిలిచినపుడు ఒకదాని నొకటి వెలిగించును. ఈ విషయమున ఒక కథ మనకు మిక్కిలి పనికివచ్చును. ప్యారిసు నగరమున గోబెలిన్ అను చిత్రకంబళ్ల నేతశాల కలదు. అచ్చటి అద్దకపు పనులకు 1824లో షెవ్రోల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అధికారియయ్యెను. నీలపు, ఊదా నేతలలో నీడలకు వాడు నల్లదారము వెలవెలబోవుచున్నదని ఆయనకు ఫిర్యాదు వచ్చెను. ఆయన ఆ దారమును ఇతరస్థలముల నల్లదారములతో పోల్చి చూడగా అద్దకములో దోషము కానరాలేదు. దోషము పొరుగున నున్నది! నీలము ప్రక్కన నున్న నలుపునకు కంటిలో నీలపు ఎదురుచాయ సోకి, అది వెలిసినట్లు తోచుచుండెను. ఈ విచారణ పెరిగి పెరిగి 1839లో రంగుల పరస్పరభేదమును గూర్చిన పెద్ద గ్రంథమైనది. చీర కొనునపుడు అంగడిలో బాగున్న అంచు ఇంటికి వచ్చి వేఱొక రవికతో కలియగానే వెలవెలబోవుట మన మెఱిగినదే. రంగు ఒంటరిగా నుండదు. పొరుగును చూచి మాఱుచుండును.

పొరలు వేయుట విదేశవిద్య యని యెవరైన అనుకొనిన, వారు శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములను చూడవలెను. కరక్కాయ కషాయములోను, పాలలోను తడిపి ఆరవేసిన గుడ్డపై, ఇనుమును బెల్లమును ఊరవేసిన కసిమితో నల్లని రేఖలు గీయుదురు. పటిక పూసి ఎఱుపు ఎక్కింతురు. నడుమనడుమ ఉతికి ఆరవేయుదురు. నీలమును పసుపును ఒకదానిపై నొకటి పడినచోట ఆకుపచ్చ పుట్టును. అంతకును పూర్వము, విష్ణుధర్మోత్తర పురాణము తృతీయఖండమందలి చిత్రసూత్రము నీడచూపు విధమునకు వర్తన యని పేరు పెట్టి, పత్రజము, ఐరికము, బిందుజము అని మూడు విధములు చెప్పినది. ఆకు ఈనెలవంటి గీతలతో చేయునది పత్రజము. మిక్కిలి సూక్ష్మమైనది ఐరికము. చుక్కలతో చేయునది బిందుజము. మన పెన్సిలుతో ఈ మూడును చేయవచ్చును: ఈకలకు ఈనెగీతలు, ఆకాశమునకు కానరాని సన్నని పూత, కొండరాళ్లకు చుక్కలు. ఆ గ్రంథమే, చిత్రములో స్త్రీలు నగలను కోరుదురని గూడ ఒక మాట అన్నది. గుఱ్ఱపు మెడలోని హారముకంటె ముందు దాని మెడక్రింది నీడను చూచినచో ఆ మాటను మనము మార్పించినవారమగుదుము.

ఇక మా యింటి కథకు వత్తును. శుక్రవారము ఉదయమున అమ్మాయికి జడ వేయుచు, "నిన్న నేను చేసినది తప్పు. నిన్నడుగకుండ నీ బొమ్మను ముట్టితిని" అని చెప్పితిని. తల్లి బిడ్డతో ఇట్లు చెప్పుట మా యింట అలవాటు లేదు. నాకు నోరు రావడమే కష్టమైనది. అది చాలసేపు పలుకక, "మళ్లీ నొక్కవు గదా?" అని మాత్రము అడిగినది. నొక్కనంటిని.

ఇద్దఱమును కూర్చుండి పాడైన రెక్కను పరిశీలించితిమి. రబ్బరుతో రుద్దిన మైనము పులుముకొని మురికియగునని అప్పటికే చిత్తుకాగితముపై తెలిసికొంటిని. సోదరికి జరిగినదియు అదియే. దానికి బదులుగా, జిగురు టేపు ముక్కను మొదట చీర చెఱగునకు ఒకసారి అంటించి దాని జిగటను తగ్గించి, రంగుపై మెల్లగా ఒత్తి పైకి తీసినచో కొంత రంగు దానితో లేచివచ్చును. కాగితము చినుగకుండ రెండు మూడుసార్లు ఇట్లు చేయవచ్చును. మొద్దుసూదితో చిక్కని మైనముపై మెల్లగా గీరిన, లేత గీతలు బయటపడును. ఆ విధముగా ఈకల నడిమి ఈనెలను తీసితిమి. అయినను ఆ రెక్క రెండవదానికంటె చాల చీకటిగానే యుండెను. నాకు ఇంతకు మించి ఉపాయము తోచలేదు.

ఉపాయము అమ్మాయికి తోచినది. బొమ్మను కొంతసేపు ఇటునటు త్రిప్పి చూచి, "అమ్మా, చంద్రుడు ఇటువైపు ఉన్నాడు. అందుకని ఆ రెక్కమీద వెన్నెల పడదు" అనినది. తన రెక్కవైపున ఆకాశములో ఒక గుండ్రని చోటును తెల్లగా విడిచి, చుట్టును లేత నీలము, దానిపై ఊదా, దానిపై ముదురు నీలము వేసికొనుచు పోయినది. చంద్రునికి అది ఒక్క గీతయైనను వేయలేదు. కొండకొమ్ముపై పక్షి పడునీడను నా రెక్కవైపునకు చాచినది. అపుడు చూడగా నా తప్పు తప్పుగా లేదు. ఆ పక్షికి చీకటివైపు అయి కూర్చున్నది. ఆ చీకటి రెక్క ప్రక్కన అమ్మాయి లేత రెక్క నిజముగా వెన్నెలలో నున్నట్లు వెలిగినది. నేను వెలిసిన చీర యనుకొన్న దానిని అది మొదటనుండియు అట్లే యుద్దేశించినదేమో! నేను అడుగలేదు.

శనివారము రాత్రివఱకు అడవి సగమే ముగిసినది. ఆదివారము ఉదయమున సామానుల బండి కదలుటకు ముందు, క్రింది మూలను మూడు చెట్లు తెల్లగా నుండగానే బొమ్మ స్నేహితురాలి చేతికి చేరినది. "ఈ మూడూ నువ్వు వెయ్యి" అని మా అమ్మాయి తన పెట్టెలోని ఆకుపచ్చ పెన్సిలును గూడ ఆ పిల్ల కిచ్చినది. ఇప్పుడు మా పెట్టెలో ముదురాకుపచ్చ లేదు. నీలము పసుపులను పొరలుగా వేసి ఆకుపచ్చను సాధించుచున్నాము. అదియు నొక పాఠమే.

పూర్తియైన బొమ్మలను కాపాడుటను గూర్చి రెండు మాటలు. మైనము హెచ్చుగానున్న ముదురు రంగులపై కొన్ని దినములకు తెల్లని బూజువంటి పొర తేలవచ్చును. అది బూజు కాదు, పైకి వచ్చిన మైనమే. మెత్తని గుడ్డతో అదిమీ అదమనట్లు తుడిచిన పోవును. ఎండ తగులు గోడకు తగిలింపకుడు. చౌకరకపు పెన్సిళ్లలో గులాబియు, ఊదాయు తఱచుగా ముందు వెలియును. పుస్తకములో నుంచునపుడు నడుమ ఒక పలుచని కాగితము వేసినచో ఎదుటిపుటకు రంగు అంటదు.

కడపటి ప్రశ్న: ఇది పిల్లల ఆటయా? స్కాట్లాండు దేశస్థురాలైన జొహన్నా బాస్ఫర్డు అను చిత్రకారిణి, పెద్దలు రంగులు వేసికొనుటకై 'సీక్రెట్ గార్డెన్' అను పుస్తకమును 2013లో ప్రకటించినది. అది అనేక దేశములలో లక్షలకొలది ప్రతులు చెల్లినది. కొన్నవారందఱును పిల్లలు కారు. అయినను పదిమంది చేయుచున్నారు గనుక మనమును చేయవచ్చునని నేను చెప్పను. రంగులు వేయుట రోగములను కుదుర్చునని గూడ చెప్పను. నాకు తెలిసినంతమట్టుకే చెప్పవలెను. ఆ గంటసేపు చేతిలోని ఫోను ప్రక్కకు పోవును. కన్ను ఒక బత్తాయిని నిజముగా చూచును. చేయి తన బరువును తాను తెలిసికొనును. వండినది పూటకు చెల్లును, ఉతికినది రేపటికి మాయును. మన పనులలో మన కన్నులయెదుట నిలిచియుండునది కొంచెము. ఒక పుట నిలిచియుండిన ఎవరికి నష్టము?

మఱియొక లాభమును గూడ నేను పొందితిని. లెక్కలు చెప్పునపుడును, పద్యము అప్పగింపించుకొనునపుడును, నా గొంతు హెచ్చుట నాకే వినబడినచో, పెన్సిలును వెనుకకు జరిపి పట్టుకొనుట జ్ఞప్తికి వచ్చుచున్నది. ప్రతిసారియు వచ్చుచున్నదని చెప్పిన అబద్ధమగును. తఱచుగా వచ్చుచున్నది.

ఆ సోదరి తన రెక్కల గుఱ్ఱమును పాఱవేయవలదు. ఏ వైపు చీకటిగా నున్నదో చూచి, వెలుగును దాని కెదుటివైపునుండి రప్పించుకొనవలెను. పూర్తియైన పిదప ఎట్లు వచ్చినదో నాకు వ్రాయకోరెదను. వచ్చు నెలలో, చిన్న పిల్లల చేత పలకపై మొదటి ముగ్గులు పెట్టించు విధమును గూర్చి ముచ్చటింతము.

ఇట్లు,
మీ సోదరి